రేజ్ ఇస్తే ఆగిపోయే పాత కార్బ్యురేటర్ బండి: విప్పకముందే లోపం పట్టుకోవడం ఎలా?

పై వీడియోలో ఓమ్నీ ముందు సీటు లేపి, కార్బ్యురేటర్ లోపల ఏం చూడాలో చూపించాను. వీడియోలో చేతులు కనిపిస్తాయి గానీ కారణాలు కనిపించవు కదా, అవి ఇక్కడ రాస్తున్నాను. ముందు వీడియో చూసి, తర్వాత ఇది చదివితే బాగా పట్టు దొరుకుతుంది.

ప్రకృతి వ్యవసాయం పేజీలో బండి రిపేరు ఏంటని కొందరికి అనిపించొచ్చు. మన పంట మనమే అమ్ముకుంటున్నాం, అదీ సంగతి. సాయంత్రం కోసి, తడిగోనె కప్పిన తోటకూర, పాలకూర తెల్లారి 5 గంటలకి రైతు బజార్‌లో దిగాలి. దారిలో బండి మొరాయించి 9 అయిందంటే ఆ ఆకుకూర పశువులకే. డబ్బు నష్టం ఒక్కటే కాదు, ప్రాణాల మీదికి కూడా వస్తుంది. ఈ జబ్బున్న బండి ఊళ్లో బాగానే తిరుగుతుంది. హైవే మీడియన్ దగ్గర ఆగి, లారీ దూరంగా ఉంది కదా అని గబుక్కున ఎక్సలేటర్ తొక్కినప్పుడే, సరిగ్గా రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. అందుకే ముందే చెబుతున్నా: ఈ లోపం బాగయ్యేదాకా ఆ బండితో హైవే దాటకండి. ఆ పూట లోడు ఆటోలో వేసి పంపండి.

2000కి ముందు వచ్చిన ఓమ్నీలు, జిప్సీలు ఇంకా కొన్ని మన ఊళ్లలో పికప్ పని చేస్తున్నాయి. వెనక సీట్లు తీసేసి క్రేట్లు పెట్టుకుంటే రెండెకరాల కూరగాయల రైతుకి అంతకన్నా బండి అక్కర్లేదు. 2000 ప్రాంతం నుంచి వచ్చినవి ఎంపీఎఫ్ఐ బండ్లు, వాటి లెక్క వేరు. ఇక్కడ రాసేది కార్బ్యురేటర్ బండి గురించే. మా వైపు దీన్ని కార్బేటర్ అంటారు, కొందరు ఏకంగా కార్పొరేటర్ అనేస్తారు. పేరేదైనా పని ఒక్కటే, పెట్రోలుని గాలిలో సరైన పాళ్లలో కలపడం.

ముందు ఒక ప్రశ్న: సరిగ్గా ఎప్పుడు ఆగుతోంది?

ఆకు పసుపు పచ్చబడింది అనగానే మందు పేరు చెప్పేవాణ్ని మనం నమ్మం. ఏ ఆకు అని అడుగుతాం. కింది ముదురాకులు ముందు పసుపైతే నత్రజని వైపు చూస్తాం. పైన లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే ఇనుము వైపు చూస్తాం. బండికీ ఇదే పద్ధతి. "రేజ్ ఇస్తే ఆగిపోతోంది" అనేది జబ్బు పేరు కాదు, పసుపు ఆకు లాంటి లక్షణం మాత్రమే. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు లోపాలు దాక్కుంటాయి.

పెడల్ తొక్కిన క్షణంలోనే గుటక పడ్డట్టు అయి ఆగిపోతే ఒక లోపం. తొక్కగానే బాగానే లాగి, నాలుగైదు వందల మీటర్లు పోయాకో, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో ఊపిరి ఆడనట్టు నెమ్మదించి ఆగితే ఇంకొకటి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏమీ లేక, మధ్యాహ్నం ఎండలో తిరుగు ప్రయాణంలోనే ఆగితే మరొకటి. నల్లపొగ కక్కి, పెట్రోలు వాసన కొట్టి ఆగితే అది వీటన్నిటికీ తిరకాసు. ఈ నాలుగింటిలో మీ బండిది ఏదో ఒక రెండు రోజులు గమనించి కాగితం మీద రాసుకోండి. లోడు ఎంత ఉంది, ఎండ ఎలా ఉంది, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది అన్నది కూడా రాయండి. మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఈ కాగితమే సగం పని చేసిపెడుతుంది.

ఇంజిన్ తిరగాలంటే గాలి, పెట్రోలు, నిప్పు మూడూ సమయానికి అందాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఇంజిన్‌కి కావలసింది చాలా తక్కువ, లోపాలన్నీ అప్పుడు దాక్కుంటాయి. డ్రిప్‌లో ఫిల్టర్ మూసుకుపోతే ఏమవుతుందో మీకు తెలుసు. ఒక్క లేటరల్ తెరిస్తే నీళ్లు బాగానే వస్తాయి. సబ్‌మెయిన్ మొత్తం తెరవగానే చివరి మొక్కకి చుక్క రాదు. రేజ్ ఇవ్వడమంటే సబ్‌మెయిన్ తెరవడమే.

డ్రైవర్ సీట్లో కూర్చునే చేసే పరీక్ష

ఒక్క పనిముట్టు కూడా అక్కర్లేని పరీక్ష ఇది. నా లెక్కలో దీనంత విలువైంది ఇంకోటి లేదు. బండి వేడెక్కాక, ఖాళీ దారిలో లేదా కళ్లంలో, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి ఒకసారి రేజ్ ఇవ్వండి. ఆగబోయింది. ఇప్పుడు చోక్ మూడో వంతో సగమో బయటికి లాగి మళ్లీ అంతే రేజ్ ఇవ్వండి. చోక్ చేసే పని గాలిని తగ్గించడం, అంటే పెట్రోలు పాలు పెంచడం. చోక్ లాగాక బండి బాగా లాగిందంటే ఇంజిన్‌కి పెట్రోలు చాలట్లేదు, లేదా ఎక్కడినుంచో దొంగగాలి వస్తోంది. చోక్ లాగితే ఇంకా అధ్వానం అయిందంటే పెట్రోలు ఇప్పటికే ఎక్కువైంది. లాగినా లాగకపోయినా ఏ తేడా లేదంటే నిప్పు వైపు అనుమానం పెంచుకోవాలి.

గ్యాస్ కిట్ ఉన్న బండి అయితే ఇంకో అడ్డదారి ఉంది. గ్యాస్ మీదికి మార్చి అదే దారిలో నడపండి. గ్యాస్ మీద ఆగకుండా లాగుతోందంటే ప్లగ్గులు, కాయిల్ బాగున్నట్టే, ఎందుకంటే గ్యాస్ వెలగడానికి పెట్రోలు కంటే గట్టి నిప్పే కావాలి. అప్పుడు వెతకాల్సింది పెట్రోలు వైపు మాత్రమే. ఏళ్ల తరబడి గ్యాస్ మీదే తిప్పిన బండ్లలో కార్బ్యురేటర్ లోపలి రబ్బర్లు ఎండి బిగుసుకుపోవడం మామూలే.

కార్బ్యురేటర్ గొంతులోకి చూడండి

దీనికి ముందు జాగ్రత్తలు. బండిని పశువుల పాక, గడ్డివాము దగ్గర కాకుండా ఆరుబయట పెట్టండి. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. పక్కన పొడి ఇసుక బకెట్ ఉంచుకోండి. బీడీ తాగే బాబాయ్ ఎవరైనా చూడ్డానికి వస్తే దూరంగా కూర్చోబెట్టండి. ఓమ్నీలో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది కాబట్టి పెట్రోలు ఆవిరి బండి లోపలే నిలుస్తుంది, తలుపులన్నీ తెరిచి పెట్టండి. ఇంజిన్ తిరుగుతుండగా కార్బ్యురేటర్ నోట్లో పెట్రోలు పోయడం కొందరు చేస్తుంటారు. అది మాత్రం ఎప్పటికీ వద్దు, వెనక్కి కొట్టిన మంట నేరుగా ముఖానికి వస్తుంది.

ఇక పని. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఫిల్టర్ ఎలా ఉందో చూడండి. మన మట్టి దారుల్లో ఇది తొందరగా నిండుతుంది. ఎండకి ఎత్తి పట్టుకుంటే వెలుతురు రాకపోతే మార్చేయండి, దాంతో నల్లపొగ కేసుల్లో కొన్ని అక్కడే తేలిపోతాయి. తర్వాత టార్చి వేసి గొంతులోకి చూస్తూ, ఎక్సలేటర్ కేబుల్ తగిలించి ఉన్న లీవర్‌ని చేత్తో ఒక్కసారి గట్టిగా లాగండి. సన్నటి పెట్రోలు ధార పిచికారీలా గొంతులోకి కొట్టాలి. లాగిన ప్రతిసారీ, వెంటనే, తెగకుండా రావాలి.

ఈ ధార ఎందుకంటే, మీరు పెడల్ తొక్కగానే గాలి క్షణంలో లోపలికి దూసుకుపోతుంది. పెట్రోలు గాలి కంటే బరువు, అంత తొందరగా కదల్లేదు. పైగా లోపల వాక్యూమ్ పడిపోవడంతో కొంత పెట్రోలు పైపు గోడలకి తడిలా అంటుకుపోతుంది. ఆ ఒక్క క్షణం ఇంజిన్‌కి గాలే తప్ప ఆహారం ఉండదు. ఆ లోటు పూడ్చడానికే కార్బ్యురేటర్ పక్కన యాక్సిలరేటర్ పంపు అని చిన్న పంపు పెట్టారు. చిన్న మూత, దాని వెనక ఒక రబ్బరు డయాఫ్రం, ఒక స్ప్రింగు, అంతే. ఆ రబ్బరు చిరిగినా, బిగుసుకున్నా ధార రాదు. నెమ్మదిగా తొక్కితే బాగుండి, గబుక్కున తొక్కితే ఆగే బండికి నూటికి తొంభై పాళ్లు నేను ముందు ఇక్కడే చూస్తాను.

ధార రాకపోతే వెంటనే డయాఫ్రం మీద నింద వేయకండి. ఫ్లోట్ గిన్నెలో అసలు పెట్రోలు ఉందా? కొన్ని కార్బ్యురేటర్లకి గిన్నె మట్టం చూసే చిన్న గాజు ఉంటుంది. గిన్నె ఖాళీగా ఉంటే లోపం వెనక ఉంది. గిన్నె నిండా ఉండి ధార రాకపోతే డయాఫ్రం, లేదా ధార వచ్చే సన్న రంధ్రం.

ఆ రంధ్రంలోకి గానీ, జెట్ లోకి గానీ పిన్ను, తీగ పెట్టి పొడవకండి. స్ప్రేయర్ నాజిల్‌ని తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై పిచికారీ లెక్క తప్పుతుంది కదా, ఇదీ అంతే. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టించండి. రబ్బర్లు, గాస్కెట్లు కలిపి కిట్‌గా దొరుకుతాయి. మొత్తం కార్బ్యురేటర్ ధరతో పోలిస్తే అది చాలా తక్కువ.

ఒకే బండి, రెండు జబ్బులు

మా పక్క ఊరి అన్న ఒకాయన ఓమ్నీలో వారానికి నాలుగు రోజులు కూరగాయలు తీసుకెళ్తాడు. 12 క్రేట్లు, దాదాపు 240 కిలోలు. ఒకచోట చూపిస్తే "కార్బేటర్ మొత్తం మార్చాల్సిందే" అన్నారట. ఆ మెకానిక్‌ని తప్పు పట్టడానికేం లేదు, ఈ కాలపు కుర్రాళ్లకి కార్బ్యురేటర్ చేతికి వచ్చేదే అరుదు. "మార్చమంటావా తమ్ముడూ?" అని అడిగాడు. చోక్ పరీక్ష చేస్తే సగం లాగగానే బండి చక్కగా కదిలింది, అంటే పెట్రోలు చాలట్లేదు. గొంతులోకి చూస్తే ధార లేదు, గిన్నె నిండానే ఉంది. మూత విప్పితే డయాఫ్రం అప్పడంలా గట్టిపడి అంచున చిరిగి ఉంది. కొత్తది వేశాం. సిగ్నల్ దగ్గర గుటక పోయింది.

మూడు రోజులకి మళ్లీ ఫోన్. "ఆగుతోంది తమ్ముడూ." ఎక్కడ అన్నా? "ఫ్లైఓవర్ సగం ఎక్కాక." మాట అదే, జబ్బు వేరు. డయాఫ్రం పోయినా పెద్ద జెట్ నుంచి పెట్రోలు వస్తూనే ఉంటుంది కాబట్టి, సగం దారి ఎక్కాక ఆగడం దాని పని కాదు. ఇది వెనకనుంచి సరఫరా చాలకపోవడం. ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పమన్నాను. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది, రెండు నిమిషాల్లో బండి స్టార్ట్ అయింది. జీవామృతం డ్రమ్ము మూత గాలి చొరకుండా బిగిస్తే కుళాయి కాసేపు వచ్చి ఆగిపోయినట్టే ఇదీ. పెట్రోలు బయటికి పోయినకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి, ఆ గాలి దారి మూసుకుపోయింది. చూస్తే ట్యాంకు గాలిగొట్టం చివర కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది! పొలంలో పురుగుల్ని పట్టిపెట్టే మన మిత్రురాలే. గొట్టం శుభ్రం చేశాం, అంతటితో సరి.

గాలిగొట్టం బాగుంటే, ట్యాంకు నుంచి ముందుకు ఒక్కో చోటా చూసుకుంటూ రండి. పారదర్శక ఫిల్టర్ ఉంటే బండి ఆగిన వెంటనే దాన్ని చూడండి, ఖాళీగా ఉంటే పెట్రోలు అక్కడిదాకా రావట్లేదు. ట్యాంకుకి, పంపుకి మధ్య రబ్బరు గొట్టం పగిలితే పెట్రోలు కారకపోవచ్చు గానీ పంపు గాలి పీలుస్తుంది. బయట తడి కనిపించలేదు కాబట్టి గొట్టం బాగుందనుకోకండి. కొద్దిగా వంచి చూడండి, పగుళ్లు బయటపడతాయి. ఈ బండ్లలో పంపు ఇంజిన్ తిరుగుడుతోనే ఆడుతుంది, దానిలోనూ ఒక డయాఫ్రం ఉంటుంది.

దొంగగాలి

కార్బ్యురేటర్ కింది గాస్కెట్, ఇన్‌టేక్ పైపు అతుకులు, సన్న వాక్యూమ్ గొట్టాలు, బూస్టర్ ఉన్న బండ్లలో బ్రేక్ బూస్టర్ గొట్టం. వీటిలో ఎక్కడ చీలినా లెక్కలో లేని గాలి లోపలికి వస్తుంది. గుర్తు ఏంటంటే స్లోలో కూడా నిలకడ ఉండదు, చెవి పెడితే సన్నగా సుయ్యిమంటుంది. క్లీనర్ స్ప్రే కొట్టి కనిపెట్టడం చాలామంది చూపిస్తారు, వేడి ఇంజిన్ మీద అది మంటల పని. మన దగ్గర చిన్న హ్యాండ్ స్ప్రేయర్ ఉంటుంది కదా, శుభ్రమైన మంచినీళ్లు పోసి, సన్నటి తుంపరగా అతుకుల మీద ఒక్కో చోట కొట్టండి. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజిన్ శబ్దం మారిందో అక్కడే చీలిక. డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గు వైర్ల మీద మాత్రం పడనివ్వకండి.

కొత్త పెట్రోలు, పాత రబ్బరు

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ ఇథనాల్ మన చెరకు, మొక్కజొన్న, నూకల నుంచే వస్తోంది, రైతుగా నాకు దాని మీద కోపం లేదు. కానీ ఆ పాత బండ్ల రబ్బర్లు దీని కోసం చేసినవి కావు, ఉబ్బడం, పగలడం తొందరగా జరుగుతుంది. ఇంకో సంగతి, ఇథనాల్ కాలడానికి కిలోకి సుమారు 9 కిలోల గాలి చాలు. అంటే పాత జెట్ రంధ్రం అదే ఉంటే, కొత్త పెట్రోలుతో ఇంజిన్‌కి ఆహారం కొంచెం పలచబడుతుంది. ముందే అంచుమీద ఉన్న బండి దాంతో గుటక వేయడం మొదలెడుతుంది.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. పంట లేని రెండు మూడు నెలలు సగం ట్యాంకుతో నిలబెట్టిన బండిలో తేమ చేరి, ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ఫిల్టర్ దగ్గర గొట్టం తీసి కొంచెం పెట్రోలు గాజు సీసాలో పట్టి, మూతపెట్టి, నీడలో అరగంట ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయించడమే దారి. ఆ పెట్రోలు మళ్లీ వాడకండి, కాలువలోనో చేలోనో పారబోయకండి, గ్యారేజీకి ఇచ్చేయండి.

నిప్పు వైపు, ఎండ వైపు

ప్లగ్గులు విప్పి రంగు చూడండి. బిస్కెట్ రంగు ఉంటే మంచిది. తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు తక్కువ, నల్ల మసి ఉంటే ఎక్కువ. మూడు ప్లగ్గుల్లో ఒకటే వేరుగా ఉంటే కార్బ్యురేటర్‌ని వదిలేసి ఆ సిలిండర్ వైరు, ప్లగ్గు చూడాలి, ఎందుకంటే కార్బ్యురేటర్ లోపం మూడింటికీ సమానంగా పడుతుంది. ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. పాయింట్లున్న పాత మోడల్ అయితే పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు. డిస్ట్రిబ్యూటర్ మీద పళ్లెం లాంటి వాక్యూమ్ డబ్బాని ఎవరూ పట్టించుకోరు. దాని లోపలి డయాఫ్రం చిరిగితే టైమింగ్ తప్పుతుంది, దొంగగాలీ వస్తుంది. ఒకే లోపం రెండు రకాలుగా దెబ్బ కొడుతుంది.

ఎండలో మాత్రమే ఆగే బండికి రెండు అనుమానాలు. పెట్రోల్లో తేలికైన భాగం 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలవుతుంది, సీటు కింద ఇంజిన్ ఉన్న బండిలో మే నెల మధ్యాహ్నం గొట్టంలోనే బుడగలు కడుతుంది. ఆగినప్పుడు తడిగుడ్డ పిండి పెట్రోలు పంపు మీద, గొట్టం మీద వేయండి. కొద్ది నిమిషాల్లో స్టార్ట్ అయితే ఆవిరి జబ్బే, గొట్టాన్ని సైలెన్సర్ వేడికి దూరంగా జరిపి కట్టాలి. గుడ్డ వేసినా మారక, అరగంట చల్లారాకే స్టార్ట్ అయితే కాయిల్, కండెన్సర్ చూపించండి.

నల్లపొగ కేసులో చోక్ కేబుల్ తుప్పుపట్టి వెనక్కి పోకపోవడం, ఫ్లోట్ కింది సూది అరిగి గిన్నె పొంగడం, ఈ రెండే ఎక్కువ. మొదటిది మీరే చూసుకోవచ్చు. రెండోది మెకానిక్‌తో చేయించండి. మిక్స్చర్ స్క్రూ తిప్పనిచ్చే ముందు అది ఎన్ని చుట్లు లోపల ఉందో లెక్కపెట్టించి రాసుకోండి.

రిపేరు అయ్యాక ఖాళీ బండి నడిపి సరే అనుకోవద్దు. అన్ని క్రేట్లూ ఎక్కించి, వేడెక్కాక, ఎత్తున్న దారిలో, ముందు నెమ్మదిగా, తర్వాత గబుక్కున తొక్కి చూశాకే హైవే ఎక్కండి. వచ్చే సీజన్ దాకా నిలబెట్టేటట్టయితే, పంపు దగ్గర గొట్టం తీసేసి గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా ఇంజిన్ తిప్పి ఆపండి.

వీడర్లు, బ్రష్ కట్టర్లు వాడేవాళ్లకి ఒక్క మాట. వాటికీ చోక్ పరీక్ష ఇలాగే పనిచేస్తుంది. కానీ చాలా బ్రష్ కట్టర్లలో యాక్సిలరేటర్ పంపు ఉండదు, గొంతులో ధార కోసం వెతక్కండి. వాటిలో ముందు చూడాల్సింది ట్యాంకు లోపల గొట్టం చివర ఉండే చిన్న ఫిల్టర్ ముద్ద, తర్వాత మూత మీది గాలిరంధ్రం.